నలభై రెండో నంబరు చిలకల పతకం

పిల్లల డాక్టరమ్మ రాసిచ్చిన చీటీలో నాలుగు వరుసలున్నాయి. మొదటిది విటమిన్ చుక్కలు. రెండోది ఐరన్ మందు. మూడోది, పాప చేతికి ఫోను ఇవ్వొద్దు. నాలుగోది చదవగానే నా నోరు చేదెక్కింది. "రోజూ పావుగంట ఒళ్ళో కూర్చోబెట్టుకుని పుస్తకం చదవాలి" అని ఉంది.

పాప నా మనవరాలు, మా అమ్మాయి కూతురు. రెండున్నరేళ్ళు నిండాయి గానీ పట్టుమని పది మాటలు రాలేదు. మా అమ్మాయి గుడివాడలో బ్యాంకు ఉద్యోగానికని పొద్దున్నే బస్సెక్కుతుంది. అల్లుడు కంపెనీ పనిమీద ఊళ్ళు తిరుగుతుంటాడు. బందరులో మా ఇంట్లో పిల్ల పెంపకం నాదీ, ఫోనుదీ. ఉన్నమాట చెప్పాలంటే ఫోను వాటాయే ఎక్కువ.

"ఇంట్లో పాపకి పుస్తకాలు ఎవరు చదివి వినిపిస్తారండీ?" అని అడిగింది డాక్టరమ్మ. నా కూతురికంటే చిన్నదిలా ఉంది.

మా అమ్మాయి నావైపు చూసింది. నేను గోడమీది టీకాల పట్టిక వైపు చూశాను.

"రెండున్నరేళ్ళ పిల్లకి చదివితే ఏం అర్థమవుద్దమ్మా?" అన్నాను. ముప్ఫయ్యేళ్ళు ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దించిన దాన్ని. నాకే పాఠం చెప్తోందే అని ఉక్రోషం.

"ఉన్నది ఉన్నట్టు చదవక్కర్లేదండీ. బొమ్మ చూపించి మీ నోటికొచ్చిన కథ చెప్పండి. అక్కడ రాసింది ఒకటి, మీరు చెప్పేది ఒకటి అయినా పర్లేదు. మీ ఒళ్ళో కూర్చోవాలి, మీ గొంతు వినాలి. తను ఏదైనా అడిగితే మీరు ఆగి జవాబు చెప్పాలి. మాటలు అలాగే వస్తాయండీ."

అక్కడ రాసింది ఒకటి, చెప్పేది ఒకటి అయినా పర్లేదట. ఆవిడ తప్పేం లేదు గానీ, ఆ ఒక్క మాట చెప్పే మనిషి మా చిన్నప్పుడు మా గడప తొక్కి ఉంటే ఎంత బాగుండేది! ఇంటికొచ్చేదాకా ఆటోలో ఆ చీటీని మడతలు పెడుతూ కూర్చున్నాను. ఫీజు ఎక్కువ తీసుకుందని నాకు కోపమొచ్చిందనుకుంది మా అమ్మాయి.

నేను పుట్టి పెరిగింది చిలకలపూడిలో. ఇప్పుడక్కడ నగలకి బంగారు పూత మిషన్ల మీద పూస్తున్నారు. అప్పట్లో రోల్డుగోల్డు పని అంతా ఇళ్ళలోనే. ఒక ఇంట్లో తీగ లాగేవాళ్ళు, పక్కింట్లో ఆ తీగని రింగులు చుట్టేవాళ్ళు, ఆ పక్కింట్లో అతుకులు పెట్టేవాళ్ళు. గొలుసు ఒక ఆడదాని మెళ్ళోకి చేరేలోపు పది గడపలు తిరిగొచ్చేది. మా గడపకి వచ్చేవి రింగులు. రెండు చిన్న పట్టకార్లతో ఒక రింగుని తెరిచి, ఇంకోదాన్ని తగిలించి, మళ్ళీ మూసేది మా అమ్మ. పొద్దున్నించి పొద్దుపోయేదాకా అదే పని. ఆమె దగ్గర నగలు తోమే కుంకుడుకాయ రసం వాసన, పక్కింటి కిరసనాయిలు మంట వాసన, తలకి రాసుకున్న కొబ్బరినూనె వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ కుంకుడుకాయలు నానబెట్టిన గిన్నె దగ్గర నేను ఎక్కువసేపు నిలబడలేను.

పాడైపోయిన సరుకు మా పిల్లల ఆస్తి. అతుకు ఊడిన బుట్టలు, రాయి రాలిన దిద్దులు అమ్మ కన్నుగప్పి తీసుకుని, మహారాణిలా పెట్టుకుని బడికి వెళ్ళేదాన్ని. సాయంత్రానికి చెవులు పచ్చగా చిలుము పట్టేవి. "రాణీగారి చెవులు తోమాలి, చింతపండు తెండి" అని అమ్మ నవ్వేది. అమ్మకి హాస్యం బాగా ఉండేది. అది మీకు చెప్పాలి, ఎందుకంటే తర్వాత చాలామంది ఆమెను నోట్లో నాలుక లేని మనిషి అన్నారు.

నాన్నది సరుకు అమ్మే పని. ఒక రేకుపెట్టెలో నగలు, చంకలో కేటలాగు పెట్టుకుని వారానికోసారి బయల్దేరేవాడు. ఆ కేటలాగులో పేజీకి రెండు నగల బొమ్మలు, పక్కన నంబరు, కింద రెండు మూడు వరుసల అచ్చు. దుకాణాలవాళ్ళు బొమ్మ మీద వేలు పెట్టి నంబరు చెప్తే నాన్న రాసుకునేవాడు. కొత్త కేటలాగు వచ్చిన ఏడు, అట్ట ఊడిన పాతది ఇంట్లో పడేశాడు. మా ఇంట్లో నా వాచకం కాక ఉన్న పుస్తకం అదొక్కటే.

దాన్ని అమ్మ చేతిలోకి తీసుకుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక, మళ్ళీ పట్టకార్లు పట్టేలోపు, అమ్మకి కాసేపు తీరిక ఉండేది. చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, వాకిలి తలుపు ఓరగా వేసి, గోడకి చేరగిలబడి కూర్చునేది. మూడేళ్ళ మా తమ్ముడు ఆమె ఒళ్ళో, నేను భుజం మీద గడ్డం ఆనించి వెనకాల. కేటలాగు తెరిచి, అచ్చు వరుసల కింద వేలు నెమ్మదిగా నడిపిస్తూ మొదలుపెట్టేది.

"ఏం రాశారంటే, ఈ కాసులపేరు ఒక గయ్యాళి అత్తదంట. ఒక్కో కాసుకీ ఒక్కో కోడల్ని తిట్టిందంట. మరి ఎన్ని కాసులున్నయ్యో లెక్కెట్టు నాన్నా."

తమ్ముడు బొమ్మమీద వేలు పెట్టి "కాచు" అనేవాడు.

"కాసు. ఇంకోటి?"

"కాచు."

ప్రతి నగకీ ఒక మనిషి, ఆ మనిషికో కష్టం, ఆ కష్టానికో చమత్కారం. జడగంటలు పోగొట్టుకున్న పెళ్ళికూతురు, నత్తుపెట్టుకుని తుమ్మలేక చచ్చిన జమీందారిణి. తమ్ముడు మధ్యలో వేలెత్తి ఏదో అనేవాడు, అమ్మ ఆగేది, వాడి మొహంలోకి చూసేది, వాడి మాటని సరిచేసి కథలోకి లాక్కునేది. వాడికి మాటలు ఆలస్యం. వీధిలో వాడి ఈడు పిల్లలు వసపిట్టల్లా వాగుతుంటే వీడు వేలు చూపించి ఊరుకునేవాడు. ఆ శీతాకాలం కేటలాగు మొదలుపెట్టాక ఒక్కోమాటే పలకసాగాడు. కాసు, గంట, చిలక. తేగలు కాల్చుకుని తిన్నప్పుడు చీల్చి మధ్యలో ఉన్న లేత మొలక, చందమామ అంటారు దాన్ని, వాడికిచ్చేవాళ్ళం. "తందమామ" అన్నాడొకరోజు. అమ్మ వాణ్ణెత్తుకుని వీధంతా తిప్పి వినిపించింది. వాడి మాటల్లో నాకు బాగా ఇష్టమైంది "తలవాత". కథ ఆగిన ప్రతిచోటా పేజీని తట్టి, "తలవాత?" అనేవాడు.

తర్వాత ఏముందో ఆ పుస్తకంలోనే ఉందని నేను నమ్మాను. అమ్మకి అక్షరం ముక్క రాదని నాకు తెలియదు. అమ్మ పుట్టిల్లు దివిసీమలో, అవనిగడ్డ దాటి ఇంకా లోపల. వాళ్ళ ఊరి పిల్లలు బడికి వెళ్ళాలంటే పడవలో ఏరు దాటాలి. ఆడపిల్లని రోజూ రేవు దాటించడం ఎందుకని ఆమెని పంపలేదు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. నన్ను బళ్ళో చేర్చినప్పుడు మాస్టారు సంతకం అడిగితే, "వాళ్ళ నాన్నగారు ఊర్నించి వచ్చాక పెడతారండీ" అని తలొంచుకుంది. మొగుడంటే ఎంత గౌరవమో అనుకున్నాను నేను.

ఆ ఏడు నాకు చదవడం వచ్చింది. రావడమంటే అలా ఇలా కాదు. కొట్ల మీద బోర్డులు, అగ్గిపెట్టె మీద పేరు, చల్లపల్లి మీదుగా వెళ్ళే బస్సు నుదుటి మీద ఊళ్ళు, ఏవీ వదల్లేదు. గట్టిగా, దీర్ఘాలు తీస్తూ చదివేదాన్ని. కూడబలుక్కుని చదివే పిల్లకి గర్వం ఎక్కువ. ఆ గర్వమే కొంప ముంచింది.

తేగల రోజుల్లోనే గుడివాడనించి మా మేనత్త వచ్చింది, నాన్నకి అక్క. ఎనిమిదో తరగతి చదివిందని, ఉత్తరాలు తనే రాసుకుంటుందని మా వాళ్ళలో పేరు. వస్తూ మా తమ్ముడి కోసం ఒక వసకొమ్ము తెచ్చింది. దాన్ని తేనెలో అరగదీసి నాలుక మీద రాస్తే మాటలు గలగలా వస్తాయట. రెండు రోజులు రాసింది కూడా. వాడు మొహం చిట్లించి ఉమ్మేశాడు.

మూడోరోజు మధ్యాహ్నం అరుగు మీద అత్తయ్య, వీధిలోని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మధ్యలో ఉడికిన తేగల పళ్ళెం. వేళ తప్పిందని తమ్ముడు కేటలాగు ఈడ్చుకొచ్చి అమ్మ ఒళ్ళో పడేశాడు. అమ్మ దాన్ని చప్పున పక్కకి నెట్టింది.

"తర్వాత చూద్దాం నాన్నా. అత్తయ్యున్నారు."

"ఏంటది?" అంది అత్తయ్య.

అప్పుడే నేను నోరు విప్పాను. చెడ్డ ఉద్దేశంతో కాదు, దేవుడి తోడు. అత్తయ్య వచ్చినప్పటినించీ "నేను చదువుకున్నదాన్ని" అని అంటుంటే మా అమ్మ తక్కువదైపోతోందని నాకు మంటగా ఉంది.

"మా అమ్మ పుస్తకాలు చదువుద్ది అత్తయ్యా! రోజూ చదువుద్ది. నీకంటే బాగా చదువుద్ది."

"ఓహో! ఏదమ్మా, మేమూ వింటాం. చదువు."

"ఇప్పుడెందుకులే వదినా, పనుంది" అంది అమ్మ. మొహం కందిపోయింది. నేను వదలలేదు. కేటలాగు తీసి, నలభై రెండో నంబరు పేజీ తిప్పి ఆమె చేతిలో పెట్టాను. అది చిలకల పతకం, ఎదురెదురుగా రెండు చిలకలు. ముందురోజు అక్కడే ఆపాం. తమ్ముడు అప్పటికే ఒళ్ళో సర్దుకుని కూర్చున్నాడు. పేజీ తట్టి "తలవాత?" అన్నాడు.

ఆ మాటకే లొంగింది. అత్తయ్య అడిగినందుకు కాదు, నేను బతిమాలినందుకూ కాదు.

"ఏం రాశారంటే," అని సన్నని గొంతుతో మొదలుపెట్టింది. "ఈ పతకం లంకలో ఉండే ఒక పిల్లదంట. ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా పైట చాటున పలక పెట్టుకుని పడవెక్కిందంట. పడవ నడి కృష్ణలోకొచ్చేసరికి మబ్బు కమ్మింది. పతకంలో ఈ చిలక, ఒసేయ్ వెనక్కి తిరుగు, మీ నాన్న తంతాడంది. ఈ రెండో చిలక, ముందుకే పో, అవతలి ఒడ్డున గంట కొడుతున్నారంది. అప్పుడా పిల్ల పడవాయనతో ఏమందంటే..."

ఆడవాళ్ళు తేగలు తినడం ఆపేశారు. అత్తయ్య కూడా వింటోంది. నాకు గర్వంతో ఒళ్ళు పొంగింది. అమ్మతోపాటు నేనూ చదువుదామని భుజం మీదుగా ఆమె వేలున్న వరుస వైపు చూశాను. అంతకుముందు కథ ధ్యాసలో ఎప్పుడూ ఆ అక్షరాలు చూడలేదు, బొమ్మలే చూశాను. కూడబలుక్కున్నాను. నలభై రెండు. చిలకల పతకం. తెల్లరాళ్ళు. ఎర్రరాళ్ళు కావలసినవారు విడిగా తెలుపవలెను.

"అమ్మా, అక్కడ అలా లేదు" అన్నాను.

అమ్మ వేలు ఆగిపోయింది.

"అక్కడ అలా లేదమ్మా. తెల్లరాళ్ళు అని ఉంది. పడవ లేదు." ఆమె పొరపాటున వేరే వరుస చూస్తోందనుకుని, నా వేలు పెట్టి మొత్తం గట్టిగా చదివి వినిపించాను. దీర్ఘాలు తీస్తూ.

ముందు నవ్వింది అత్తయ్యే. తర్వాత మిగతావాళ్ళు. "అయ్యో, వేలిముద్ర మనిషివి, చదువుతున్నట్టు ఆ నటనేంటే? పైగా పిల్లలకి అబద్ధాలు! రేపు వీడికి మాటలొచ్చినా అబద్ధాలే వస్తాయి" అంది అత్తయ్య. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేనూ నవ్వాను. ఈ సంగతి రాయకుండా దాటేద్దామనుకున్నాను గానీ, ఇప్పుడు దాటేసి ఎవర్ని మభ్యపెట్టాలి? అందరూ నవ్వుతుంటే, నాకు చదవడం వచ్చిందని అందరికీ తెలిసినందుకు నవ్వాను.

అమ్మ కేటలాగు మూసింది. తమ్ముణ్ణి ఒళ్ళోంచి దించింది. లోపలికెళ్ళి పట్టకార్లు పట్టుకుంది. ఆమె ఏడ్చినట్టు కూడా లేదు.

నాన్న ఊర్నించి వచ్చాక అత్తయ్య చెప్పింది. నాన్న చెడ్డవాడు కాదు. అందుకని తిట్టలేదు, నవ్వాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇంటికి ఎవరొచ్చినా, "మా ఆవిడ నగల కేటలాగులో పురాణం చదివిన మనిషండీ" అని చెప్పి నవ్వించేవాడు. వచ్చినవాళ్ళకి కాఫీలిస్తూ అమ్మ కూడా కొంచెం నవ్వేది. దెబ్బ కొడితే మాని ఉండేదేమో గానీ, నవ్వులాట చేసిన గాయానికి మందు లేదు.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు మళ్ళీ కేటలాగు పట్టుకుని ఆమె దగ్గరికెళ్ళాడు. నలభై రెండో పేజీ వాడే తిప్పుకున్నాడు. వేలుపెట్టి "తలవాత?" అన్నాడు.

"అక్కనడుగు నాన్నా. అక్కకి చదవడం వచ్చు" అంది అమ్మ రింగుల మీదనించి తలెత్తకుండా.

ఆ గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. నిజంగానే నన్నడగమంది. వాడు నా దగ్గరికొచ్చాడు. నేను వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోలేదు, పక్కన కూర్చోబెట్టి బడిలో మాస్టారిలా చదివాను. నలభై రెండు. చిలకల పతకం. తెల్లరాళ్ళు. ఎర్రరాళ్ళు కావలసినవారు విడిగా తెలుపవలెను. వాడు నా మొహంలోకి చూసి "తలవాత?" అన్నాడు. నలభై మూడు చదివాను. మామిడిపిందెల నెక్లెసు. వాడు పేజీ వెనక్కి తిప్పాడు. "చిలక" అన్నాడు. "అదయిపోయిందిరా మొద్దూ" అన్నాను.

అయిదారు రోజులు తెచ్చాడు. ప్రతిరోజూ అదే పేజీ. ఏడోరోజు తేలేదు. అత్తయ్య ఇచ్చిన వసకొమ్ము ఇంకా నెలరోజులు అరగదీశారు. అది మాత్రం అరిగిపోయింది. తమ్ముడికి మాటలు రాకపోలేదు, వచ్చాయి. ఆకలి, నొప్పి, వస్తా, పోతా. అవసరానికి సరిపడా. బడిలో మాస్టార్లు లేపి అడిగితే నిలబడి ఊరుకునేవాడు, మందబుద్ధి అన్నారు. అయిదో తరగతిలో మాన్పించి రాళ్ళు పొదిగే పనిలో పెట్టారు. కేటలాగు ఆగిపోవడం వల్లే అలా అయిందని ఏ డాక్టరూ చెప్పలేదు, చెప్పినా నిజమో కాదో నాకు తెలియదు. ఆ శీతాకాలం వాడి నోట రోజుకో మాట రావడం చూశాను. తర్వాత రాకపోవడమూ చూశాను. నాకు అంతవరకే తెలుసు.

నేను మాత్రం చదివాను. చదివి బందరు పక్కనున్న గూడూరు దగ్గర పల్లెబడిలో టీచరునయ్యాను. చదవడం వచ్చిన పిల్ల చదవడం నేర్పే పిల్లయిందని అత్తయ్య పదిమందికీ చెప్పుకుంది. మొదటి జీతంతో అమ్మకి పలక కొన్నాను. నేర్పుతానన్నాను. "నా కళ్ళు గొలుసులకే సరిపోయినయ్యిలే అమ్మా" అని ఆ పలక తీసి, బియ్యం డబ్బా మీద మూతగా పెట్టుకుంది.

ఒక్కసారి అడిగాను. అప్పటికి ఆమె పెద్దదైపోయింది, బందరులో నా దగ్గరే ఉండేది. తలకి నూనె రాస్తూ, "అమ్మా, ఆ చిలకల పతకం పిల్ల పడవాయనతో ఏమంది?" అన్నాను. ఊడిన వెంట్రుకల్ని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. మరిచిపోయిందేమో అనుకున్నాను.

"అక్కడ అలా లేదు కదమ్మా" అంది.

అంతే. కోపంగా అనలేదు. నేను చెప్పిన పాఠం నాకే అప్పజెప్పింది. ఆ పలక పైట చాటున పెట్టుకున్న పిల్ల ఎవరో అప్పుడు తట్టింది నాకు. తట్టీ నూనె రాస్తూనే ఉన్నాను. మరో రెండేళ్ళకి అమ్మ వెళ్ళిపోయింది.

నిన్న సాయంత్రం మా అమ్మాయి గుడివాడ నించి మూడు బొమ్మల పుస్తకాలు తెచ్చింది, అట్టలు దళసరిగా, రంగులు రంగులుగా. డాక్టరమ్మ చెప్పినట్టే మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఒక పేజీలో రెండు చిలకలున్నాయి. కింద ఏదో రాసి ఉంది. నేనది చదవలేదు. "ఏం రాశారంటే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. లంక చెప్పాను, పలక చెప్పాను, మబ్బు చెప్పాను. పిల్ల కదలకుండా వింది. పడవ నడి కృష్ణలోకొచ్చింది. అక్కడ ఆగిపోయాను.

ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. డాక్టరమ్మ ఒప్పుకుంది కూడా. కానీ ఆ పిల్ల ఏమందో నేనెలా కల్పించను? నాకేం హక్కుందని? మంచం మీదున్న ఫోను తీసి తమ్ముడికి కలిపాను. వాడిప్పటికీ చిలకలపూడిలోనే రాళ్ళు పొదుగుతున్నాడు.

"ఆఁ" అన్నాడు. వాడి హలో అదే.

"తమ్ముడూ, చిన్నప్పుడు అమ్మ కేటలాగు చదివేది, గుర్తుందా? చిలకల పతకం పిల్ల పడవెక్కుద్ది చూడు, నడి కృష్ణలో మబ్బు కమ్ముద్ది. ఎప్పుడైనా నీకొక్కడికే చెప్పిందేమో. తర్వాత ఏమైందిరా?"

అవతల ఆకురాయి చప్పుడు వినిపిస్తోంది. అది ఆగింది.

"నలభై రెండా?"

"ఆఁ, అదే."

"చిలకల పతకం" అన్నాడు వాడు. "తెల్లరాళ్ళు. ఎర్రరాళ్ళు కావలసినవారు విడిగా తెలుపవలెను."

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. నేను తీసిన దీర్ఘాలు కూడా అక్కడే ఉన్నాయి. వాడి జీవితం మొత్తంలో నాతో అన్న పొడుగాటి మాట అదే.

"అంతేగా అక్కా?" అన్నాడు. దెప్పడానికి కాదు. సరిగ్గా అప్పజెప్పానా లేదా అని అడిగాడు.

అంతేరా అని ఫోను పెట్టేశాను. నా మనవరాలు పేజీ మీద వేలుపెట్టి నా మొహంలోకి చూస్తోంది. పడవ ఇంకా నడి కృష్ణలోనే ఉంది. దాన్ని ఒడ్డు చేర్చగలిగిన ఒక్క మనిషి నోరూ నేనే మూయించాను.